నీలోఫర్: ఒక పువ్వు పేరు, కొన్ని పొరపాట్లు

ముస్లిం కుటుంబాల కోసం వెలువడే పేర్ల పుస్తకాలలో ‘నీలోఫర్’ అన్న మాటకు ఎదురుగా సాధారణంగా కనిపించే అర్థం ఒక్కటే: ఫార్సీ పదం, తామరపువ్వు. కొన్నింటిలో ఫార్సీకి బదులు అరబీ అని ఉంటుంది. ఇంత చిన్న వివరణలో రెండు పొరపాట్లున్నాయి. ఆ పువ్వు తామర కాదు. ఆ పదం పుట్టినది ఫార్సీలో కాదు, అరబీలో అసలే కాదు.

పేర్ల పుస్తకంలో ఒక తప్పు దొర్లినంత మాత్రాన వచ్చే నష్టమేమిటని ఎవరైనా అడగవచ్చు. నష్టం ఉన్నది. ఈ పేరు హైందవ పదం నుండి వచ్చినది కనుక ముస్లిం బాలికకు తగదని ఒకరు చెబుతారు. ఈ పేర్లన్నీ ఇరాన్ నుండీ అరబ్బు దేశాల నుండీ వచ్చిన పరాయి పేర్లని మరొకరు ఎత్తిపొడుస్తారు. ఈ రెండు మాటల నడుమ కూతురికి పెట్టిన పేరు మార్చాలా వద్దా అని కలవరపడే తల్లిదండ్రులున్నారు. చిత్రమేమిటంటే, ఈ ఇద్దరూ చెప్పేవి పరస్పర విరుద్ధాలు. రెండూ ఒకే పేరుకు ఎలా వర్తిస్తాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. పదాన్ని ముందు విప్పి చూడవలసి ఉన్నది.

పాఠశాలలో ఛందస్సు చదివిన ప్రతి తెలుగు విద్యార్థికీ ఉత్పలమాల తెలుసు. ఉత్పలమంటే కలువ. ఉత్పలమాల అంటే కలువల దండ. ఆ ఉత్పలానికి ముందు ‘నీల’ చేరి గుణసంధి జరిగితే నీలోత్పలం, అనగా నీలికలువ. నీలోఫర్ అన్న పేరుకు మూలం ఇదే. సంస్కృతంలో నీలోత్పలం, ప్రాచీన ఇరాన్ భాష అయిన పహ్లవీలో నీలోపల్, ఫార్సీలో నీలోపర్, నీలోఫర్. ఫార్సీ నిఘంటువులలో నీలోపల్, నీలోఫల్ వంటి రూపాలు కూడా ఎక్కి ఉన్నాయి. దారిలో పదం ఎక్కడెక్కడ ఆగినదో చూపే రూపాలివి.

మధ్యలో ‘త’కారం ఏమైనదన్న సందేహం రావచ్చు. పాలీ, ప్రాకృత భాషలలో ఉత్పలం ఉప్పలంగా మారినది. ఇరాన్‌కు చేరినది పండితుల నోటి సంస్కృతం కంటే వర్తకుల, వైద్యుల నోటి దేశభాషా రూపమే కావడానికి అవకాశం ఎక్కువ. ఇక చివరి లకారం రేఫగా మారడంలో వింత లేదు. ర, ల లకు భేదం లేదని సంస్కృత పండితులే అంటారు. ఫార్సీలోనూ ఆకును ‘బర్గ్’ అన్నవారున్నారు, ‘బల్గ్’ అన్నవారున్నారు.

పకారం ఫకారం కావడానికి కారణం అరబీ. అరబీ లిపిలోనూ ఉచ్చారణలోనూ ‘ప’ లేదు. అందువలన అరబ్బుల నోట పార్స్ దేశం ఫార్స్ అయినది, పార్సీ భాష ఫార్సీ అయినది, పీల్ (ఏనుగు) ఫీల్ అయినది. దివ్యఖుర్‌ఆన్‌లో ఏనుగుల సైన్యం ప్రస్తావన గల సూరాకు అదే పేరు. వంటింటి పిప్పలి పహ్లవీలో పిల్‌పిల్, అరబీలో ఫిల్‌ఫిల్. నీలోపర్ కూడా ఇదే వరుసలో నీలోఫర్ అయినది. ఇరాన్ ప్రజలు తమ భాష పేరునే అరబ్బులు పలికినట్లు ఫార్సీ అని పలుకుతున్నప్పుడు, ఒక పువ్వు పేరును అలా పలకడం ఏమంత విశేషం కాదు.

ఇరాన్‌లో ఈ పదం ఇస్లాంకు పూర్వమే స్థిరపడినదనడానికి బలమైన ఆధారం ‘బుందహిష్న్’ అనే పహ్లవీ గ్రంథం. జరతుష్ట్ర మతస్థుల సృష్టివిషయక గ్రంథమది. అందులో ఒక్కొక్క పువ్వును ఒక్కొక్క దివ్యశక్తికి కేటాయించిన పట్టిక ఉన్నది. నీలోపల్ నీటికి అధిదేవత అయిన ఆబాన్‌కు చెందినదని అక్కడ చెప్పబడినది. నీటిలో పుట్టే పువ్వు నీటికే చెందడం సహజం. గ్రంథం ఇప్పుడున్న రూపం అరబ్బుల రాక తరువాతి కాలానికి చెందినదైనా, అందులోని విషయం, పదజాలం అంతకు ముందటివి.

ఇంతకంటే ఆసక్తి కలిగించే విషయం ‘లో’ అనే అక్షరంలో ఉన్నది. నేటి టెహ్రాన్‌లో ఈ పేరును నీలూఫర్ అంటారు. హైదరాబాదులో, ఢిల్లీలో నీలోఫర్ అంటారు. ఇరానీయులు పలికినదే శుద్ధమనీ, ఇక్కడిది అపభ్రంశమనీ అనుకునేవారు లేకపోలేదు. వాస్తవం వేరు. పూర్వపు ఫార్సీలో ఏ, ఈ వేరు వేరు అచ్చులు. ఓ, ఊ కూడా వేరు వేరు. ఇరాన్‌లో కాలక్రమాన ఏకారం ఈకారంలోనూ, ఓకారం ఊకారంలోనూ కలిసిపోయాయి. భారతదేశపు ఫార్సీ పాత భేదాన్ని నిలుపుకున్నది. అందుకే ఇక్కడ సింహం ‘షేర్’, పాలు ‘షీర్’. రంజాన్ పండుగనాటి షీర్‌ఖుర్మాలోని షీర్ అదే. ఇరాన్‌లో సింహమూ షీరే, పాలూ షీరే. ఇక్కడ ఉపవాసం ‘రోజా’, అక్కడ ‘రూజె’. ఈ లెక్కన నీలోత్పలంలోని గుణసంధి ఓకారాన్ని ఈనాటికీ చెక్కుచెదరకుండా పలుకుతున్నది హైదరాబాదు వీధులే. టెహ్రాన్ దానిని ఎప్పుడో పోగొట్టుకున్నది.

ఫార్సీ నిఘంటుకారుల ప్రస్తావన వచ్చినప్పుడు గోల్కొండను మరచిపోరాదు. ఫార్సీ నిఘంటువులలో మిక్కిలి ప్రచారం పొందిన ‘బుర్హానె ఖాతె’ గోల్కొండలోనే తయారైనది. ముహమ్మద్ హుసేన్ తబ్రేజీ అనే పండితుడు, ‘బుర్హాన్’ ఆయన కలంపేరు, దానిని హిజ్రీ 1062లో, అనగా 1652 ప్రాంతంలో పూర్తిచేసి సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. రెండు శతాబ్దాలు ఆ గ్రంథానికి ఎదురు లేకపోయినది. 1857 తిరుగుబాటు రోజులలో ఢిల్లీలో ఇల్లు కదలలేని స్థితిలో ఉన్న మీర్జా గాలిబ్ దానిని తిరగేసి, తప్పులు గుర్తించి, 1862లో ‘ఖాతె బుర్హాన్’ పేరుతో విమర్శ ప్రకటించాడు. పెద్ద దుమారమే లేచినది. గాలిబ్‌కు జవాబులూ, ఆ జవాబులకు జవాబులూ వచ్చాయి. గాలిబ్ పట్టిన తప్పులలో చాలా వరకు తప్పులే; అయితే పహ్లవీ తెలియని గాలిబ్ కూడా కొన్ని చోట్ల తప్పటడుగు వేశాడు. పహ్లవీ, సంస్కృతం, ఆధునిక భాషాశాస్త్రం మూడూ ముందు పెట్టుకొని బుర్హాన్‌ను పరిష్కరించిన పండితుడు డాక్టర్ ముహమ్మద్ ముయీన్. ఆయన ముద్రణ 1951 నుండి టెహ్రాన్‌లో సంపుటాలుగా వెలువడినది. ఏ పదం ఏ దారిన వచ్చినదో చూపే అధోజ్ఞాపికలు ఆ ముద్రణకు ప్రాణం.

గాలిబ్ ఆక్షేపణలోని ముఖ్యాంశం ఇక్కడ పనికివస్తుంది. చేతికి అందినదంతా సేకరించడం నిఘంటువు కాదు, ప్రతి మాటనూ తూచి చూడాలని ఆయన అభిప్రాయం. నేటి పేర్ల పుస్తకాలు ఒకదాని నుండి మరొకటి ఎత్తిరాసుకునే తీరు చూస్తే, అటువంటి గాలిబ్ ఒకరు మళ్ళీ కావాలనిపిస్తుంది.

తూచి చూడని ఊహలు నీలోఫర్ చుట్టూ చాలానే పెరిగాయి. ‘నీల్’ అంటే నీలం, ‘పర్’ అంటే రెక్క, కాబట్టి నీలి రెక్కలు గలది అనేది అందులో మొదటిది. వినడానికి ఇంపుగా ఉన్నా, నీలోపల్ అన్న పాత రూపం ముందు ఈ ఊహ నిలవదు. రేఫ తరువాత వచ్చినది. రెక్క అంతకు తరువాత మొలిచినది. రెండవది నైలు నది ఊహ. ఈజిప్టులో నీలికలువలు ప్రసిద్ధం, అరబీలో ఆ నది పేరు నీల్, కనుక నీలోఫర్ నైలు పువ్వని కొందరన్నారు. నది పేరు గ్రీకు ‘నైలోస్’ నుండి వచ్చినది; నీలిమందు పేరైన నీల్ సంస్కృత నీల శబ్దం నుండి వచ్చినది. అరబీలో రెండూ ఒకే రూపం దాల్చినంత మాత్రాన చుట్టాలు కావు. మూడవ ఊహ గ్రీకు. గ్రీకులో కలువ పేరు ‘నుంఫాయా’, జలదేవతల పేరు మీద వచ్చినది. నీలోఫర్ దాని వికారమేనని యూరప్‌లో చాలాకాలం అనుకున్నారు.

ఈ మూడవ ఊహ ఫ్రెంచివారిని ఇప్పటికీ వదలలేదు. అరబీ నుండి మధ్యయుగపు లాటిన్ వైద్యగ్రంథాల ద్వారా ఈ పదం ఫ్రెంచిలోకి చేరి ‘నెనుఫార్’ అయినది. చివరి ధ్వనిని ఎఫ్ అక్షరంతోనే రాస్తూ వచ్చారు. గ్రీకు చుట్టరికం కల్పించి 1935 నాటి అకాడమీ నిఘంటువు దానిని గ్రీకు పదాలకు వాడే పీహెచ్ జంటాక్షరంతో ముద్రించినది. 1990లో వర్ణక్రమ సంస్కరణ జరిగినప్పుడు ఎఫ్ తిరిగి ప్రవేశపెట్టబడినది. 2016లో పాఠ్యపుస్తకాలు ఆ సంస్కరణను అనుసరిస్తాయని తెలియగానే, భాషకు అపచారం జరుగుతున్నదని అక్కడ పెద్ద గొడవ జరిగినది. నీలోత్పలం సంగతి ఆ గొడవపడినవారిలో ఎందరికి తెలుసో!

ఇకపోతే పువ్వు సంగతి. తామరకూ కలువకూ తేడా తెలియాలంటే చెరువు గట్టు మీద నిలబడితే చాలు. కలువ ఆకు నీటి మీద పరచుకొని తేలుతుంది. అంచు నుండి కాడ వరకు దానికి ఒక చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రం, చీలిక ఉండదు, కాడ సరిగ్గా ఆకు మధ్యలో కలుస్తుంది, తరచుగా నీటిపైకి లేచి నిలుస్తుంది. అమరకోశం కూడా ఈ రెండు కుటుంబాలను కలపలేదు. ఉత్పలం, కువలయం కలువకు పేర్లుగా చెప్పి, అది నీలమైతే ఇందీవరం, తెల్లనిదైతే కుముదం, కైరవం అని విడదీసినది. ఉర్దూలోనూ కన్వల్ వేరు, నీలోఫర్ వేరు. కాని వాడుకలో రెండింటినీ కలిపేస్తున్నారు, పేర్ల పుస్తకాలలోని తామర ఆ కలగాపులగం నుండే పుట్టినది. వృక్షశాస్త్రం ఇంకా దూరం వెళ్ళినది. ఇరవయ్యవ శతాబ్ది చివర జన్యుపరిశోధనల వలన తేలినదేమంటే, తామరకు దగ్గరి బంధువు కలువ కాదు, చినార్ వృక్షం. కశ్మీరులోనూ ఇరాన్‌లోనూ ఫార్సీ కవులు తనివితీరా వర్ణించిన చినారే! నీటిలో పక్కపక్కన ఉండడం వల్ల తామర, కలువ అక్కచెల్లెళ్ళుగా కనబడ్డాయి, అంతే.

తెలుగు అనువాదకులకు ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఫార్సీ కవిత్వంలో నీలోఫర్ సూర్యుని ప్రేయసి. సూర్యుడు పొడిస్తే తల ఎత్తుతుంది, సూర్యుడు క్రుంకితే ముడుచుకుంటుంది. తెలుగు, సంస్కృత కావ్యాలలో సూర్యుని ప్రేయసి తామర. కలువ చంద్రుని చెలి. కనుక ఫార్సీ పద్యంలో సూర్యుని కోసం నిరీక్షించే నీలోఫర్ కనబడగానే అనువాదకుడు తామర అని రాసేస్తాడు. అతడి ఇబ్బంది అర్థం చేసుకోదగినదే. అయినా అది తప్పే. ఎందుకంటే కవిసమయాన్ని పక్కనపెట్టి చెరువులో చూస్తే, రాత్రివేళ విచ్చుకునేది తెల్లకలువ. నీలికలువ ఉదయాన విచ్చి పగటి భాగంలోనే ముడుచుకునే పువ్వు. కలువలన్నింటినీ చంద్రునికి అప్పగించినవారు కావ్యకర్తలు. ఈ ఒక్క విషయంలో ఫార్సీ కవులు చెప్పినదే చెరువుకు దగ్గరగా ఉన్నది. ‘నీలికలువ’ అని రాసి, అవసరమైతే ఒక ముక్క వివరణ ఇచ్చినందువల్ల పద్యానికి వచ్చే లోటు లేదు.

తామర అని రాస్తే పోయేది పువ్వు ఒక్కటే కాదు, రంగు కూడా పోతుంది. ఫార్సీలో ‘నీలోఫరీ’ ఒక రంగు పేరు. ఆకాశాన్ని నీలోఫరీ గుమ్మటమనీ, నీలోఫరీ చక్రమనీ కవులన్నారు. విధిని తిప్పేది ఆకాశచక్రమేనన్న భావన ఆ కవిత్వంలో బలంగా ఉన్నది కనుక ఆ మాటలో ఒక దిగులు కూడా కలిసి ఉంటుంది. నీలివస్త్రం ఇరాన్‌లో శోకవస్త్రం. తొలినాటి సూఫీలు ధరించినదీ నీలి ఖిర్ఖాయే. ఎర్రతామర, తెల్లతామర అన్న మాటలలో ఈ దిగులు ఎక్కడి నుండి వస్తుంది? మరణించిన బంధువు కోసం నీలోఫర్ రంగు బట్టలు కట్టుకున్న స్త్రీని తెలుగులో తామరవన్నె చీర కట్టిన స్త్రీగా మారిస్తే శోకసభ కాస్తా పెళ్ళిపందిరి అవుతుంది.

ఆధునిక ఇరాన్ రచనలలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడ ఇప్పుడు నీలోఫర్ అన్న మాట రెండు మొక్కలకు చెల్లుతున్నది. ఒకటి నీటికలువ, దానిని స్పష్టంగా చెప్పదలిస్తే ‘నీలూఫరె ఆబీ’ అంటారు. రెండవది గోడల మీదికి, చెట్ల మీదికి పాకి బాకా ఆకారంలో నీలిపూలు పూసే తీగ, ఇక్కడి కాశీరత్నం జాతికి చెందినది. సాదిఖ్ హిదాయత్ ‘బూఫె కూర్’ నవలలో సరువు చెట్టు కింద కూర్చున్న ముసలివానికి నల్లదుస్తుల యువతి అందించే పువ్వు నీలోఫరే. అది ఏ నీలోఫర్ అన్న విషయంలో యూరప్ అనువాదకులు ఏకాభిప్రాయానికి రాలేదు. ఆ నవల మొదట వెలువడినది ఇరాన్‌లో కాదు. 1936-37 కాలంలో హిదాయత్ బొంబాయిలో ఉన్నప్పుడు కొద్ది ప్రతులుగా అక్కడే తయారైనది. ఆయన బొంబాయిలో పహ్లవీ నేర్చుకున్నది బహ్రామ్‌గోర్ అంకలేశ్వరియా దగ్గర. బుందహిష్న్‌ను ఆంగ్లంలోకి అనువదించిన పార్సీ పండితుడాయన. సుహ్రాబ్ సిపెహ్రీ 1953 నాటి సంపుటిలో ‘నీలూఫర్’ పేరుగల కవితలోని పువ్వు కూడా కాడ సాచి పైకి పాకేదే. ఇటువంటి చోట కలువ అని రాయడం కూడా పొరపాటే అవుతుంది. పదం మూలం తెలిసినంత మాత్రాన ప్రతిచోటా అర్థం తెలిసినట్లు కాదు.

వైద్యశాస్త్రంలో మాత్రం ఈ అయోమయం లేదు. ఇబ్నె సీనా (మరణం 1037) తన ‘ఖానూన్’లో వర్ణించిన నీలోఫర్ కలువే. శీతల స్వభావం గలదనీ, నిద్రపట్టిస్తుందనీ, వేడివల్ల వచ్చే తలనొప్పికి మంచిదనీ యూనానీ వైద్యులు చెప్పుకుంటూ వచ్చారు. షర్బతె నీలోఫర్ హకీముల దుకాణాలలో నేటికీ దొరుకుతుంది.

పేరుగా ఈ పదం ప్రసిద్ధి పొందినది తురుష్కుల వలన. ఉస్మానియా వంశపు రెండవ పాలకుడు ఓర్హాన్ భార్య, మొదటి మురాద్ తల్లి నీలూఫర్ ఖాతూన్. ఆమె గ్రీకు క్రైస్తవ కుటుంబం నుండి వచ్చినదని ఉస్మానీ చరిత్రకారులు రాశారు. తల్లి పేరిట మురాద్ 1388లో ఇజ్నిక్ పట్టణంలో నిర్మించిన అన్నసత్రం ఈనాటికీ నిలిచి, వస్తుప్రదర్శనశాలగా ఉన్నది. బుర్సా దగ్గరి ఒక ఏరుకూ ఆమె పేరే. ఆమె గ్రీకు వనిత కనుక పేరు కూడా గ్రీకే అయి ఉండాలని వాదించినవారున్నారు. వధువుకు కొత్త ఇంట కొత్త పేరు పెట్టడం ఆ రాజవంశంలో తరతరాల ఆచారమని వారు గమనించలేదు.

అదే వంశంలో 1916లో ఇస్తాంబూల్‌లో పుట్టిన మరొక నీలోఫర్‌ను హైదరాబాదు ఎరుగును. ఉస్మానీ వంశం 1924లో దేశబహిష్కృతి పొందిన తరువాత ఫ్రాన్సులో పెరిగిన ఆమెకు 1931లో నీస్ నగరంలో నిజాం రెండవ కుమారుడు ముఅజ్జమ్ జాతో వివాహం జరిగినది. ప్రసవ సమయంలో తన పరిచారిక ఒకతె మరణించడం ఆమెను కదిలించినదనీ, తల్లులకూ శిశువులకూ ప్రత్యేకంగా ఒక ఆసుపత్రి ఉండాలన్న ఆలోచన అక్కడే పుట్టినదనీ చెబుతారు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రి 1953 నుండి పనిచేస్తున్నది. తెలంగాణ పల్లెల నుండి జబ్బుపడిన బిడ్డను చంకనెత్తుకొని వచ్చే తల్లి ఏ మతస్థురాలైనా ఆ పేరు తడబడకుండా పలుకుతుంది. ఈ గడ్డ మీది కలువ పేరు ఇరాన్ మీదుగా ఇస్తాంబూల్ చేరి, అక్కడి నుండి ఒక రాజకుమార్తె వెంట తిరిగి ఇక్కడికే వచ్చినదన్నమాట. రాజకుమార్తె మాత్రం ఇక్కడ ఉండిపోలేదు. 1989లో పారిస్‌లో మరణించినది.

ఇప్పుడు మొదటి ఆక్షేపణకు రావచ్చు. పదం మూలం సంస్కృతం, కాబట్టి ముస్లిం పేరుగా తగదనే మాట. ఈ వాదం చేసేవారు దివ్యఖుర్‌ఆన్ పదజాలాన్ని ఒకసారి పరిశీలించాలి. స్వర్గవాసుల పానీయాల వర్ణనలో మూడు సుగంధద్రవ్యాల పేర్లు వస్తాయి. సూరా అద్దహ్ర్‌లో కాఫూర్, జంజబీల్. సూరా అల్ ముతఫ్ఫిఫీన్‌లో మిస్క్. కాఫూర్ పహ్లవీ కాపూర్ నుండి వచ్చినది, సంస్కృతంలోని కర్పూరం దాని తోబుట్టువు. మిస్క్ ఫార్సీ ముష్క్. జంజబీల్ అంటే అల్లం, దాని సంస్కృత రూపం శృంగవేరం. ఈ శృంగవేరం కూడా మొదట సంస్కృతం కాదనీ, ద్రావిడ పదమనీ, చివర ఉన్న ‘వేర’ తెలుగువారి వేరుకు బంధువనీ ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం. అల్లం వేరులా భూమిలో పెరిగే దుంప కదా! ఈ దేశపు పశ్చిమ తీరం నుండి ఓడ ఎక్కిన సరుకుతో పాటు దాని పేరూ ప్రయాణం చేసినది. ఆ పేరు ప్రవక్త మహనీయుల (సఅసం) కాలానికే అరబ్బుల నోట స్వచ్ఛమైన అరబీగా నలిగిపోయినది.

ఖుర్‌ఆన్‌లో అన్యభాషా పదాలున్నాయా అన్న చర్చ కొత్తది కాదు. స్పష్టమైన అరబీ భాషలో అవతరించిన గ్రంథంలో అన్యభాషా పదాలుండవని ఇమామ్ షాఫియీ (మరణం హిజ్రీ 204) అభిప్రాయం. భాషావేత్త అబూ ఉబైదా కూడా గట్టిగా అదే మాట అన్నారు. ఉన్నాయని సహచరుల, తదనంతర తరం వారి ఉల్లేఖనాలను చూపినవారూ ఉన్నారు. ఈ రెండింటినీ సమన్వయపరచినవారు అబూ ఉబైద్ ఖాసిమ్ బిన్ సల్లామ్ (మరణం హిజ్రీ 224). ఆ పదాలు మూలంలో అన్యభాషలవే, అయితే అరబ్బులు వాటిని తమ నోటికి అనువుగా మలచుకొని తమవిగా చేసుకున్నారు, ఖుర్‌ఆన్ అవతరించేనాటికి అవి అరబీ పదాలే, కనుక రెండు పక్షాలవారు చెప్పినదీ నిజమే అని ఆయన తీర్పు. తరువాత జవాలీఖీ ‘అల్ ముఅర్రబ్’ అనే గ్రంథం రాసి అరబీలో చేరిన అన్యపదాలను పోగుచేశారు. సుయూతీ (మరణం హిజ్రీ 911) ‘అల్ ఇత్‌ఖాన్’లో ఈ విషయానికి ఒక అధ్యాయమే కేటాయించారు. అంతటి విద్వాంసులు ఇంత నెమ్మదిగా, ఇంత నిండుగా చర్చించిన విషయాన్ని నేడు ఒక్క వాక్యంలో తేల్చివేయడం తొందరపాటు అవుతుంది. అబూ ఉబైద్ తీర్పు నీలోఫర్‌కు అక్షరాలా వర్తిస్తుంది. పదం మూలం ఇక్కడిది. మలచినవారు ఇరానీయులు, అరబ్బులు, తురుష్కులు. పేరుగా వాడుకున్నవారు ముస్లింలు.

పేర్ల విషయంలో ప్రవక్త మహనీయులు (సఅసం) పాటించిన పద్ధతి హదీసు గ్రంథాలలో స్పష్టంగా ఉన్నది. ఆయన మార్చిన పేర్లు అర్థం చెడ్డవైనవి, లేదా ఆత్మస్తుతి ధ్వనించేవి. అవిధేయురాలు అనే అర్థం గల ఆసియా అన్న పేరును జమీలాగా మార్చారు. (ఇది ఐన్, సాద్ అక్షరాలతో రాసే పేరు, ఫిరౌన్ భార్య పేరైన ఆసియా వేరు. తెలుగు లిపిలో రెండూ ఒకేలా కనబడడంతో పేర్ల పుస్తకాలు ఇక్కడా తికమకపడుతున్నాయి.) పుణ్యవతి అనే అర్థం గల బర్రా అన్న పేరును జైనబ్‌గా మార్చారు. ఈ రెండూ అచ్చమైన అరబీ పేర్లు! మరోవైపు మారియా ఖిబ్తియా పేరు మారియాగానే ఉండిపోయినది. మద్రసాలో వ్యాకరణం మొదలుపెట్టిన విద్యార్థికి నేర్పే సూత్రమొకటి ఉన్నది: ఇబ్రాహీం, ఇస్మాయీల్, యూసుఫ్ అనే పేర్లు ‘అజమీ’ కనుక వాటికి చివర తన్వీన్ రాదు. ప్రవక్తల పేర్లే అరబేతరాలని అరబీ వ్యాకరణం చెబుతుండగా, పువ్వు పేరుకు అరబీ మూలం కావాలని పట్టుబట్టడం ఎందుకో తెలియదు. నీలికలువ అన్న అర్థంలో దోషమేదీ లేదు. పూజలో వాడే పువ్వు కదా అనేవారికి జవాబు కూడా సులువే: పూజలో కర్పూరం వాడరా? కాఫూర్ అన్న మాటకు దానివల్ల మచ్చ రాలేదు.

రెండవ ఆక్షేపణకు, అనగా ఇవి పరాయి పేర్లన్న మాటకు, ఇంత చర్చ అక్కరలేదు. ఉత్పలమాల పద్యం చదవగలవారికి నీలోఫర్ పరాయిది ఎలా అవుతుంది?

పేర్ల పుస్తకాలు తయారుచేసేవారు మళ్ళీ ముద్రించేటప్పుడు ఈ పేరు దగ్గర దిద్దుకోవలసినది కొద్దిగానే ఉన్నది. నీలోఫర్: స్త్రీల పేరు. నీలికలువ, తామర కాదు. సంస్కృతంలో నీలోత్పలం, పహ్లవీలో నీలోపల్, ఫార్సీలో నీలోపర్, నీలోఫర్. నేటి ఇరాన్‌లో నీలూఫర్, తుర్కీలోనూ దాదాపు అంతే. ఇరాన్‌లో ఒక నీలిపూల తీగకు కూడా ఇదే పేరు. ఉర్దూలో నూన్, యే, లామ్, వావ్, ఫే, రే అక్షరాలతో రాస్తారు. తెలుగులో మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాలి. ‘నిలోఫర్’ అని రాయడం పత్రికల అలవాటు మాత్రమే.